ఏసీఎల్ తెగిన మోకాలు: ఆపరేషనా, వ్యాయామమా, ఆపరేషనైతే ఏ టెండన్?

కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగాడు పరుగు మధ్యలో ఒక్కసారిగా దిశ మార్చుకున్నప్పుడు గానీ, పక్కకు ఒరిగిపోతున్న బైకును ఆపడానికి ఎవరైనా ఒక కాలిని నేలకు గట్టిగా తన్నిపెట్టినప్పుడు గానీ, పాదం నేలను అంటిపెట్టుకుని ఉండగానే పైన తొడ మెలితిరుగుతుంది. ఆ క్షణంలో మోకాలి లోపల 'టక్' మన్న శబ్దం వినిపించిందని చాలామంది చెబుతారు. కొద్ది గంటల్లోనే మోకాలు కుండలా ఉబ్బుతుంది. అంత త్వరగా వచ్చిన ఉబ్బులో ఉండేది నీరు కాదు, చాలావరకు రక్తమే. రెండు మూడు వారాలకు వాపు తగ్గి, నడక కుదుటపడి, బెణుకే కాబోలని సరిపెట్టుకున్న మనిషికి, ఏదో ఒక రోజు రోడ్డు దాటుతూ పక్కకు తిరిగితే మోకాలు ఉన్నట్టుండి జారిపోతుంది. అప్పుడు తీయించిన ఎమ్మారై రిపోర్టులో, మోకాలి లోపల రెండు ఎముకలను కట్టి ఉంచే ఏసీఎల్ (యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్) పూర్తిగా తెగిందని ఉంటుంది. ఒక డాక్టరు ఆపరేషన్ చేయించుకోమంటారు, మరొకరు మూడు నెలలు వ్యాయామం చేసి చూద్దామంటారు. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. ఈ ఎంపికను తేల్చవలసింది ఎమ్మారై బొమ్మ ఒక్కటే కాదని, ఆ మోకాలితో రోగి రోజూ ఏం చేయాలి, ఎలా కూర్చోవాలి, అది ఎన్నిసార్లు జారుతోంది అన్నవే అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

తెగింది నరం కాదు

మన వాడుకలో రక్తనాళం, నాడి, టెండన్, లిగమెంట్ అన్నీ నరాలే. అందుకే ఏసీఎల్ తెగిన వాళ్ళు 'మోకాల్లో నరం తెగింది' అంటారు, విన్నవాళ్ళు కాలు చచ్చుబడిపోతుందేమోనని భయపడతారు. ఈ నిర్ణయం తీసుకునేటప్పుడు మాత్రం వీటిని విడదీసి చూడక తప్పదు. ఎముకను ఎముకతో కట్టి ఉంచేది లిగమెంట్, కండరాన్ని ఎముకకు కలిపేది టెండన్, స్పర్శనూ కదలిక ఆజ్ఞలనూ మోసేది నాడి. ఏసీఎల్ ఒక లిగమెంట్. తొడ ఎముక కింది చివరన ఉండే రెండు గుండ్రటి ఉబ్బుల్లో బయటివైపు ఉబ్బు లోపలి గోడ దగ్గర మొదలై, ఏటవాలుగా ముందుకూ కిందికీ దిగి, కింది కాలి పెద్ద ఎముక పైతలానికి మధ్యలో అతుక్కుంటుంది. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. కింది ఎముక ముందుకు జారకుండానూ, అతిగా మెలితిరగకుండానూ ఆపడం దాని పని. నేరుగా నడిచేటప్పుడు దాని అవసరం పెద్దగా తెలియదు, తిరిగేటప్పుడే తెలుస్తుంది.

మోకాలి లోపలి పక్కన ఉండే ఎంసీఎల్ అనే లిగమెంట్ తెగితే సాధారణంగా ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. ఏసీఎల్ మాత్రం కీలు నడిమధ్యన, కీలు ద్రవం ఉండే చోట ఉండటం వల్ల, తెగిన కొసల మధ్య గడ్డకట్టి వంతెనలా నిలవవలసిన రక్తం నిలవదు. కాబట్టి రెండు కొసలు వాటంతట అవి గట్టిగా కలుస్తాయని నమ్మడానికి లేదు. పూర్తిగా తెగినప్పుడు దాన్ని కుట్టడం కన్నా, దాని స్థానంలో రోగి శరీరం నుంచే తీసిన టెండన్‌ను అమర్చడం అందుకే ఆనవాయితీ అయింది. ఏసీఎల్‌లో కీలు ఏ భంగిమలో ఉందో మెదడుకు తెలిపే నాడీ కొసలు కూడా ఉంటాయి. లిగమెంట్‌తో పాటు ఆ సమాచారం కూడా పోతుంది కనుకనే గాయపడినవాళ్ళు 'కాలి మీద నమ్మకం పోయింది' అంటారు. పైగా మోకాలు వాచి ఉన్నంతకాలం వెన్నుపాము స్థాయిలోనే తొడ ముందు కండరానికి వెళ్ళే ఆజ్ఞలు తగ్గిపోతాయి. ఆ కండరాన్ని నడిపే ఫెమొరల్ నాడికి ఏ దెబ్బా తగలకపోయినా తొడ కొద్ది వారాల్లోనే సన్నబడిపోవడానికి కారణమిదే.

ఆలోచించే వ్యవధి లేని మోకాళ్ళు

రెండు సందర్భాల్లో పోలికలకు తావు లేదు. మొదటిది, మోకాలు ఎక్కడో ఇరుక్కుపోయినట్టు పూర్తిగా చాపలేకపోవడం. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చీలి, ఆ చీలిక బకెట్ పిడిలా ముందుకు మడతపడి కీలుకు అడ్డంపడితే ఇలా అవుతుంది, దాన్ని త్వరగా సరిచేస్తేనే కుట్టి నిలబెట్టే అవకాశం ఎక్కువ. రెండవది మరింత ప్రమాదకరం. రోడ్డు ప్రమాదాల్లో రెండు మూడు లిగమెంట్లు కలిసి తెగినప్పుడు మోకాలి వెనుక ఉన్న పెద్ద ధమని నలిగిపోవచ్చు, మోకాలి బయటివైపు చిన్న ఎముక తల చుట్టూ తిరిగి వెళ్ళే పెరోనియల్ నాడి సాగిపోవచ్చు. పాదం చల్లబడినా, పాదాన్ని పైకి ఎత్తలేక ముంగాలు వేలాడుతున్నా అది గంటల లెక్కలో చూడవలసిన అత్యవసర పరిస్థితి. నిజంగా 'నరం' దెబ్బతిన్న మోకాలంటే ఇది.

పరిశోధనలు ఏం తేల్చాయి

మిగిలిన మోకాళ్ళకు, అంటే ఏసీఎల్ ఒక్కటే తెగి, మోకాలు చాపగలిగి ముడవగలిగిన వారికి, ఎంపిక నిజంగానే ఉంది. దీనిపై చెప్పుకోదగ్గ తొలి అధ్యయనం స్వీడన్‌లో జరిగి 2010లో వెలువడింది. కొత్తగా ఏసీఎల్ తెగిన 18 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసువారు 121 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ముందే ఆపరేషన్ చేసి వ్యాయామం చేయించారు, రెండో జట్టుకు ముందు వ్యాయామమే చేయించి, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. రెండేళ్ళకు గానీ, అయిదేళ్ళకు గానీ నొప్పి, కదలిక, ఆట, దైనందిన జీవితం అనే లెక్కల్లో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండో జట్టులో అయిదేళ్ళు తిరిగేసరికి సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, సగం మందికి ఆ అవసరమే రాలేదు. ఈ ఫలితం చూసి ఆపరేషనే అనవసరమని చెప్పేవారున్నారు, అది తొందరపాటు. వాయిదా వేసిన జట్టులో తర్వాత మెనిస్కస్ ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయి. పైగా వృత్తి క్రీడాకారులను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు.

బ్రిటన్‌లో 316 మందిపై జరిగి 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం దీనికి రెండో ముఖం చూపించింది. అందులోని వారికి గాయం అప్పటికే పాతబడింది, మోకాలు జారుతూనే ఉంది. అలాంటివారిలో ముందు ఆపరేషన్ చేయించుకున్న జట్టుకే ఏడాదిన్నర తర్వాత మెరుగైన ఫలితం వచ్చింది, వ్యాయామంతో మొదలుపెట్టిన వారిలో 41 శాతం మంది మధ్యలో ఆపరేషన్ వైపు మళ్ళారు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని నేననుకోను. గాయం కొత్తదైతే ముందు వ్యాయామానికి అవకాశమివ్వడం వల్ల పెద్దగా పోయేదేమీ లేదు, నెలల తరబడి జారుతున్న మోకాలికి మాత్రం ఇంకో ఆరు నెలల వ్యాయామం రాసిస్తే కాలయాపనే అవుతుంది. ఆపరేషన్ చేయించుకుంటే ముందు ముందు మోకాలి అరుగుదల రాదన్న హామీని మాత్రం ఏ అధ్యయనమూ ఇవ్వలేదు. ఎవరైనా ఆ మాట చెప్పి తొందరపెడితే నమ్మనక్కరలేదు.

వ్యాయామం దారి ఎవరిది

నేరుగా నడవడం, సైకిలు తొక్కడం, ఈదడం, కుర్చీలో కూర్చుని పనిచేయడం, ఇవే జీవితంలో ఎక్కువ భాగమైనవారు, మెలితిరిగే ఆటలను వదులుకోవడానికి ఇబ్బంది లేనివారు వ్యాయామంతో బాగానే నెగ్గుకొస్తారు. కబడ్డీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ మళ్ళీ ఆడి తీరాలనుకునేవారికి ఆ దారి సాధారణంగా సరిపోదు. పని విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. తాడి చెట్టెక్కే గీత కార్మికుడు, పరంజా మీద నిలబడే మేస్త్రీ, బురద మడిలో కాలు కూరుకుపోయి ఉండగా ఒళ్ళు తిప్పవలసిన రైతు, వీళ్ళు క్రీడాకారులు కాకపోయినా వీళ్ళ మోకాళ్ళకు క్రీడాకారుల మోకాళ్ళకున్నంత స్థిరత్వం కావాలి. 'నీకు ఆటలేమీ లేవు కదా' అని వీళ్ళకు ఆపరేషన్ వద్దనడం పొరపాటు. నలభై ఏళ్ళు దాటాయి కాబట్టి అక్కర్లేదనడం కూడా అంతే. జారుతున్న మోకాలు ఏ వయసులోనైనా జారుతున్న మోకాలే.

వ్యాయామ చికిత్స అంటే ఫోనులో వీడియో చూసి పది గుంజీలు తీయడం కాదు. మొదట వాపు తగ్గించి, మోకాలిని పూర్తిగా చాపగలిగేలా చేయాలి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి తొడ బిగించి నొక్కడం, కాలు చాపి పైకెత్తడం ఈ దశలోవి. తర్వాత నిలబడి చేసే వ్యాయామాలు, ఒంటికాలిపై నిలకడ, తొడ వెనుక కండరాల బలం, చివరకు దూకడం, ఆగడం, తిరగడం వస్తాయి. తొడ వెనుక కండరాలకు ఇక్కడ ప్రత్యేకమైన విలువ ఉంది. కింది ఎముకను వెనక్కి లాగేది అవే కనుక తెగిన ఏసీఎల్ పనిలో కొంత భాగాన్ని అవి మోస్తాయి. మంచి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కనీసం మూడు నెలలు ఇలా చేశాక, ఒంటికాలితో గెంతిన దూరం ఆరోగ్యంగా ఉన్న కాలితో పోలిస్తే 90 శాతానికి చేరి, ఈలోగా మోకాలు ఒక్కసారి కూడా జారకపోతే ఆ దారిలోనే కొనసాగవచ్చు. ఇంత చేశాకా రెండుసార్లు జారిందంటే ఇక వాదించకూడదు. జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలిగే ప్రమాదముంది, అది పోతే తిరిగి రాదు.

మన ప్రాంతంలో మూడో దారి కూడా ఒకటుంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. దెబ్బ తగలగానే పుత్తూరు కట్టుకు వెళ్ళేవారు నేటికీ ఎందరో ఉన్నారు. కదలకుండా ఉంటే విరిగిన ఎముక అతుక్కుంటుంది కనుక ఆ సంప్రదాయానికి పేరు రావడంలో వింత లేదు. తెగిన ఏసీఎల్ సంగతి అది కాదు. కదలకుండా వారాలపాటు కట్టి ఉంచినా కొసలు కలవకపోవచ్చు, ఈలోగా తొడ కండరం కరిగిపోతుంది, మోకాలు బిగుసుకుపోతుంది, ఆపైన ఏ చికిత్స ఎంచుకున్నా మొదట ఆ బిగుతును వదిలించుకోవడానికే నెలలు పడతాయి.

ఆపరేషనైతే ఏ టెండన్

ఎక్కువమంది రోగులు అడగని ప్రశ్న ఇది, నా దృష్టిలో అడిగి తీరవలసిన ప్రశ్న కూడా ఇదే. రోగి శరీరంలోని నాలుగు చోట్ల నుంచి టెండన్ తీయవచ్చు. నాలుగింటితోనూ మోకాలు నిలబడుతుంది, తేడా అంతా తీసిన చోట మిగిలే లోటులో ఉంది. ఆ లోటు ఎవరి జీవితంలో ఎక్కడ తగులుతుందో చూసుకోవాలి.

బాగా వాడుకలో ఉన్నది తొడ వెనుక లోపలివైపు నుంచి వచ్చే హామ్‌స్ట్రింగ్ టెండన్. మోకాలి కింద లోపలి పక్కన చిన్న గాటు పెట్టి ఒకటి లేదా రెండు టెండన్లను లాగి, మడతలు వేసి పేనుతారు. గాటు చిన్నది, మోకాలి ముందు నొప్పి తక్కువ. అయితే ఏసీఎల్‌కు అండగా నిలిచే కండరం నుంచే అరువు తెచ్చుకుంటున్నామన్న సంగతి మరవకూడదు. మడమ పిరుదుకు తగిలేంతగా మోకాలిని సొంత బలంతో ముడవడంలో కొంత బలహీనత మిగలవచ్చు, ఇది వేగంగా పరుగెత్తేవారికి తెలుస్తుంది. సన్నగా, పొట్టిగా ఉన్నవారిలో, ముఖ్యంగా ఆడవారిలో, ఈ టెండన్ సన్నగా రావచ్చు. మడతపెట్టాక కూడా 8 మిల్లీమీటర్ల మందం రాకపోతే చిన్న వయసువారిలో మళ్ళీ తెగే అవకాశం పెరుగుతుంది. అలా జరిగితే ఏం చేస్తారో ముందే సర్జన్‌ను అడగడం మంచిది.

మోకాలి చిప్ప కింది టెండన్ మధ్య భాగాన్ని రెండు చివర్లా చిన్న ఎముక ముక్కలతో సహా తీసేది రెండో పద్ధతి. ఎముక ఎముకతో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుక్కుంటుంది, టెండన్ ఎముకలో స్థిరపడడానికి అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. ఈ గట్టిదనం కోసమే పోటీ స్థాయి ఆటగాళ్ళకు చాలామంది సర్జన్లు దీన్ని సూచిస్తారు. దీని మూల్యం మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు వచ్చే నొప్పి. రోజుకు అయిదుసార్లు నమాజు చేసేవారు, ప్రార్థనలో మోకరిల్లేవారు, వజ్రాసనం వేసేవారు, మోకాళ్ళ మీదే పాకుతూ టైల్స్ పరిచే మేస్త్రీలు ఈ టెండన్ ఎంచుకునే ముందు రెండుసార్లు ఆలోచించాలి. పాశ్చాత్య దేశాల లెక్కల్లో 'స్వల్ప ఇబ్బంది' అని రాసే ఈ నొప్పి, నేల మీద బతికే మనకు స్వల్పం కాదు.

చిప్ప పై నుంచి తీసే క్వాడ్రిసెప్స్ టెండన్ మందంగా ఉంటుంది, మోకరిల్లినప్పుడు నొప్పి తక్కువ. మొదటి నెలల్లో తొడ ముందు కండరం కోలుకోవడం ఆలస్యమవుతుంది కనుక వ్యాయామంలో బద్ధకించేవారికి ఇది తగదు.

నాలుగోది మన దేశంలో ఈమధ్య బాగా వ్యాపిస్తున్న, పెరోనియస్ లాంగస్ అనే కింది కాలి కండరపు టెండన్. దీన్ని చీలమండ బయటి పక్క నుంచి తీస్తారు. మోకాలి చుట్టూ ఉన్న కండరాలను ముట్టుకోరు, టెండన్ సాధారణంగా తగినంత మందంగా వస్తుంది, బాసింపట్టు వేసుకోవడానికీ గొంతుక్కూర్చోవడానికీ దీనివల్ల ప్రత్యేకమైన అడ్డంకి ఉండదు. అయితే పాదాన్ని బయటికి తిప్పేదీ, పాదం వంపును నిలబెట్టేదీ ఈ కండరమే. పక్కనున్న మరో కండరం ఆ పని అందుకుంటుంది గనుక మామూలు జీవితంలో తేడా తెలియదనే ఎక్కువమంది అనుభవం. ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు నిలిపి తరంగం చేసే కూచిపూడి నర్తకి విషయంలో మాత్రం నేనైతే చీలమండను కదిలించమని చెప్పను. ఈ టెండన్ తీసే దారిలో పాదం పైభాగానికీ బయటి అంచుకూ స్పర్శనిచ్చే నాడులు ఉన్నాయి, అలవాటున్న చేతికి వాటిని తప్పించడం కష్టం కాదు.

మరణించిన దాతల నుంచి సేకరించిన టెండన్లు చిన్న వయసువారిలో ఎక్కువగా తెగిపోతాయి కనుక మొదటి ఆపరేషన్‌కు వాటి జోలికి పోకపోవడమే మేలు. టెండన్‌ను బిగించే స్క్రూ టైటానియందా, శరీరంలో కరిగిపోయేదా అన్న చర్చకు బిల్లులో ఉన్నంత తేడా ఫలితంలో లేదు. ఖరీదైన స్క్రూకు పెట్టే డబ్బుతో మరో రెండు నెలల ఫిజియోథెరపీ వస్తుంది. ఇక సర్జన్ ఏ పద్ధతిలో ఎక్కువ ఆపరేషన్లు చేశారో అడిగి తెలుసుకోండి. మీకు నచ్చిన టెండన్‌ను అరుదుగా తీసే చేతి కన్నా, రెండో స్థానంలో ఉన్న టెండన్‌ను రోజూ తీసే చెయ్యి నయం.

ఎప్పుడు, ఆ తర్వాత ఎంతకాలం

వాపుతో, ముడుచుకుపోయిన మోకాలితో వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంటే అది అలాగే బిగుసుకుపోయే ప్రమాదముంది. వాపు తగ్గి, మోకాలు పూర్తిగా చాపగలిగి, తొడ కండరం మాట వినడం మొదలయ్యాక వెళ్ళాలి. ఆపరేషన్ తర్వాత మోకాలి కింద, ముందు బయటివైపు, అరచేతి వెడల్పున తిమ్మిరిగా ఉండటం చాలామందికి అనుభవమే. టెండన్ తీసే గాటు దగ్గర సఫీనస్ నాడి చిన్న శాఖ తెగడమో సాగడమో దీనికి కారణం. అది స్పర్శకు సంబంధించిన శాఖే కనుక బలం తగ్గదు, నెలలు గడిచేకొద్దీ తిమ్మిరి ప్రాంతం కుంచించుకుపోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆపరేషన్ చెడిందని రోగి కంగారుపడతాడు.

అసలు ప్రమాదం రోగికి అంతా బాగుందనిపించే కాలంలో ఉంది. అమర్చిన టెండన్ మొదట రక్తప్రసరణ కోల్పోయి, ఆ తర్వాత మెల్లగా కొత్త రక్తనాళాలు వచ్చి, నెలల మీద లిగమెంట్‌గా మారుతుంది. రెండు, మూడు నెలల ప్రాంతంలో, నొప్పి పోయి నడక హాయిగా ఉన్న సమయంలోనే, అది చాలా బలహీనంగా ఉంటుంది. నార్వేలో జరిగిన ఒక అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఆటకు తిరిగి వెళ్ళడాన్ని ఆపిన ఒక్కో నెలకూ మోకాలికి మళ్ళీ గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెగిన క్రికెటర్ రిషభ్ పంత్ మళ్ళీ మైదానంలో దిగింది 2024 మార్చిలో. ఒక్క ఏసీఎల్ తెగినవారికి అంతకాలం పట్టకపోవచ్చు గానీ, ఆరు నెలలకే కోర్టులోకి పంపుతామనే మాటను పక్కన పెట్టేయవచ్చు.

బండి నడపడం గురించి అందరూ అడుగుతారు. కుడి మోకాలికి ఆపరేషన్ అయితే కారు బ్రేకు మీద పాదం మునుపటి వేగంతో పడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎడమ మోకాలికైతే ఆటోమేటిక్ కారు అంతకన్నా ముందే నడపవచ్చు. బైకు లెక్క వేరు, ఎందుకంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బరువంతా ఎక్కువగా ఎడమ కాలి మీదే పడుతుంది, వెనుక బ్రేకు కుడి పాదం కింద ఉంటుంది. ఆ మోకాలితో ఒంటికాలిపై నిలబడి, వణుకు లేకుండా సగం దాకా కూర్చుని లేవగలిగే వరకూ, ఆపరేషన్ ఏ కాలికి జరిగినా సరే, బైకు తాళాలు ఇంట్లో మరొకరి దగ్గర ఉంచడం మంచిది.